మన సేవా వాహనంలో కీచు శబ్దం: కారణం ఎలా తెలుసుకున్నాం?



మీ విరాళాలతో కొన్న సేవా వాహనం చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో తిరుగుతున్న సంగతి మీకు తెలుసు. డయాలసిస్ రోగులను ఆసుపత్రికి తీసుకుపోవడం, తిరిగి ఇంటి గుమ్మం దగ్గర దింపడం దాని ముఖ్యమైన పని. ఈ సంవత్సరం ఆ వాహనం గురించి మమ్మల్ని ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "బండి ఎందుకట్లా కీచుమంటున్నది?" జుమా నమాజు తరువాత అడిగినవారున్నారు. ఫోన్ చేసి అడిగినవారున్నారు. బండి పాతబడింది, అమ్మేసి కొత్తది కొందాం, దానికి మళ్లీ చందా వేద్దాం అని సలహా ఇచ్చిన పెద్దలూ ఉన్నారు. ఆ శబ్దం ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఎలా పట్టుకున్నాం, ఒక్క రోజులో ఎందుకు తేల్చలేదు అన్న విషయాలు మీకు వివరంగా చెప్పడం మా బాధ్యత. మీలో చాలామందికి సొంత కార్లు, వ్యాన్లు ఉన్నాయి కనుక ఈ వివరాలు మీ ఇంటి బండికి కూడా పనికివస్తాయి.

ఏమిటి ప్రమాదం?

శబ్దమే కదా, దానివల్ల ఏమవుతుంది అనుకోవడం ఒక వైపు. శబ్దం వచ్చింది కదా, అన్నీ మార్చేద్దాం అనుకోవడం మరో వైపు. రెండూ నష్టమే.

మన వ్యానులో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ఇంజిన్ ముందు భాగంలో రెండు రబ్బరు బెల్టులు తిరుగుతాయి. ఒకటి నీళ్ల పంపును, డైనమోను తిప్పుతుంది. మెకానిక్‌లు డైనమో అనేదాన్నే పుస్తకాల్లో ఆల్టర్నేటర్ అంటారు. రెండోది ఏసీ కంప్రెసర్‌ను తిప్పుతుంది. నీళ్ల పంపు ఆగితే ఇంజిన్ కొద్ది నిమిషాల్లో వేడెక్కిపోతుంది. డైనమో ఆగితే బ్యాటరీ ఉన్నంతసేపే బండి నడుస్తుంది. ఒక బెల్టు తెగి రెండోదానికి చుట్టుకుంటే రెండూ పోయే ప్రమాదం ఉంది. డయాలసిస్ రోగికి సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు 4 గంటలు చికిత్స ఉంటుంది. ఆ వేళ దాటిపోతే యంత్రం ఇంకొకరికి ఇస్తారు. ముషీరాబాద్ రోడ్డు మీద రోగితో సహా బండి ఆగిపోతే ఆ రోజు ఏమవుతుందో మీరే ఊహించండి. రోజూ మన బండిలో వెళ్లే ఒక పెద్దమ్మ డ్రైవర్‌తో, "బేటా, ఇది కూసినప్పుడల్లా నా గుండెల దడ పుడతది" అని రెండుసార్లు అన్నది. వ్యాధితో బాధపడేవారికి బండి మీద నమ్మకం కూడా మందులాంటిదే.

ఇక రెండో వైపు. మేము బండిని మొదట చూపించిన ఒక గ్యారేజీలో బానెట్ కూడా సరిగా ఎత్తకముందే డైనమో పోయిందన్నారు. డైనమో, రెండు బెల్టులు, వీలైతే కంప్రెసర్ కూడా మార్చాలన్నారు. మేము అడిగినది ఒక్కటే: "శబ్దం డైనమోలోనే ఉందని ఎలా తెలిసింది?" దానికి "అనుభవం" అన్న జవాబే వచ్చింది. అనుభవాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ సంఘం సొమ్ము మాకు అమానత్. ఏది పాడైందో తేలకముందే భాగాలు మార్చే అధికారం మాకు లేదనుకున్నాం. బండిని వెనక్కి తెచ్చుకున్నాం.

కీచు శబ్దం ఎలా పుడుతుంది?

బడిలో పాఠాలు చెప్పేవారందరికీ తెలిసిన శబ్దం ఒకటుంది. కొత్త సుద్దముక్కను నల్లబల్ల మీద నిటారుగా పట్టి గీస్తే కీచుమంటుంది. పిల్లలు చెవులు మూసుకుంటారు. సుద్ద బల్లకు ఒక్క క్షణం అతుక్కుని, వెంటనే జారి, మళ్లీ అతుక్కుంటుంది. ఇలా సెకనుకు వందల, వేల సార్లు జరుగుతుంది. ఆ కంపనమే మన చెవికి కీచుగా వినిపిస్తుంది. సుద్దను విరిచి చిన్నది చేసినా, కొంచెం వాల్చి పట్టినా శబ్దం ఆగిపోతుంది. వయొలిన్ తీగ మీద కమాను లాగినప్పుడు జరిగేదీ ఇదే. అది వినసొంపుగా ఉంటుంది, ఇది ఉండదు. అంతే తేడా.

ఇంజిన్‌లో కూడా రబ్బరు బెల్టు ఇనుప పుల్లీ మీద పట్టు తప్పి జారితే, లేదా గ్రీజు ఎండిన బేరింగ్‌లో ఇనుము ఇనుముతో రాసుకుంటే ఇదే జరుగుతుంది. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. అందులో 2,000 నుంచి 5,000 వరకు ఉన్న శబ్దాలను అన్నిటికంటే చురుకుగా పట్టుకుంటుంది. కీచు శబ్దాలు ఎక్కువగా ఆ మేరలోనే పడతాయి. అందుకే చిన్న లోపం కూడా పెద్ద అరుపులా వినిపిస్తుంది. శబ్దం పెద్దదైనంత మాత్రాన ఖర్చు పెద్దది కావాలని లేదు. చిన్నదైనంత మాత్రాన ప్రమాదం లేదనీ కాదు.

ఇంకొక చిక్కు ఉంది. ఇలాంటి సన్నని శబ్దం ఇనుప గోడలకు తగిలి నాలుగు దిక్కులా తిరిగివస్తుంది. డ్రైవర్‌కు ఎడమవైపు వినిపించేది నిజానికి కుడివైపు పుట్టి ఉండవచ్చు. కాబట్టి వట్టి చెవిని నమ్మి "ఇక్కడే" అని వేలు చూపడం కుదరదు.

ముందు ప్రశ్నలు, తరువాత పానా

మేము డ్రైవర్ భాయ్‌కి ఒక నోటు పుస్తకం ఇచ్చాం. ఎనిమిది రోజులపాటు శబ్దం వచ్చిన ప్రతిసారీ ఈ వివరాలు రాయమన్నాం:

1. ఎంత గంటలకు? ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా?
2. బండి నడుస్తోందా, నిలబడి ఉందా?
3. యాక్సిలేటర్ తొక్కితే శబ్దం వేగం పెరిగిందా?
4. ఏసీ వేసి ఉందా? వేసినప్పుడు, ఆపినప్పుడు తేడా ఉందా?
5. హెడ్‌లైట్లు, ఫ్యాను వేస్తే తేడా ఉందా?
6. వాన పడిందా? నీళ్లలోంచి బండి వెళ్లిందా?

ఈ ప్రశ్నలు ఊరికే వేసినవి కావు. ప్రతి ప్రశ్న కొన్ని అనుమానాలను కొట్టివేస్తుంది.

శబ్దం బండి నడిచేటప్పుడు మాత్రమే వచ్చి, నిలబడినప్పుడు లేకుంటే అది బెల్టు దగ్గరిది కాదు. బ్రేకులు, చక్రాల బేరింగ్‌లు, గతుకుల్లో మాత్రమే వస్తే సస్పెన్షన్ బుష్‌లు చూడాలి. వెనుక చక్రాలను తిప్పే బండి అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు కూడా చూడాలి. ఆ కీళ్లలో గ్రీజు ఎండితే నెమ్మదిగా పోతున్నప్పుడు పిట్ట అరిచినట్టు కిచకిచమంటాయి. శబ్దం నిలబడినప్పుడు కూడా వచ్చి, యాక్సిలేటర్‌తో పాటు పెరిగితే ఇంజిన్‌తో కలిసి తిరిగే భాగంలోనే ఉంది.

ఉదయం బండి తీయగానే పెద్దగా కూసి, కాసేపటికి తగ్గితే బెల్టు జారుతోందని అనుమానించాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు వాడిన కరెంటును తిరిగి నింపడానికి ఆ సమయంలో డైనమో మీద భారం ఎక్కువ. డైనమో పుల్లీ చిన్నది కాబట్టి ఇంజిన్ ఒకసారి తిరిగితే అది రెండు మూడుసార్లు తిరుగుతుంది. బెల్టు వదులైతే ముందుగా అక్కడే జారుతుంది. హెడ్‌లైట్లు వేస్తే శబ్దం పెరిగితే కూడా ఇదే అనుమానం. ఏసీ వేసిన క్షణంలోనే మొదలై, ఆపగానే ఆగిపోతే కంప్రెసర్ లేదా దాని బెల్టు మీద అనుమానం పెట్టుకోవాలి.

డ్రైవర్ భాయ్ పుస్తకం శ్రద్ధగా నింపాడు. నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు, "ఉంది". చిక్కడపల్లి మెట్రో స్టేషన్ కింద, "చాలా ఎక్కువ". అక్కడ పైన కాంక్రీటు, రెండు పక్కల దుకాణాలు కాబట్టి శబ్దం తిరిగి మన మీదికే వస్తుంది. లోపం పెరిగిందని అర్థం కాదు. అశోక్‌నగర్‌లో సిటీ సెంట్రల్ లైబ్రరీ దారిలో, "చదువుకునే పిల్లలు తిరిగి చూశారు" అని కూడా రాశాడు. ఆ పిల్లలకు మా క్షమాపణలు.

ఎనిమిది రోజుల తరువాత పుస్తకం చూస్తే ఇలా తేలింది: బండి నిలబడినా శబ్దం ఉంది. యాక్సిలేటర్ తొక్కితే దానితోపాటు పెరుగుతుంది. హెడ్‌లైట్లతో తేడా లేదు. ఏసీ వేసినా, ఆపినా తేడా లేదు. ఉదయం మొదటి పావుగంట ఎక్కువ, తరువాత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఇంత సమాచారానికి అయిన ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను.

శబ్దం రకం కూడా చెబుతుంది

శబ్దం ఎప్పుడు వస్తోందన్నదే కాదు, ఎలా ఉందన్నది కూడా వినాలి.

"కీఈఈ" అని సాగే అరుపు సాధారణంగా బెల్టు జారడం వల్ల వస్తుంది. బెల్టు వదులై ఉండవచ్చు, అరిగి ఉండవచ్చు, దానిమీద నూనె పడి ఉండవచ్చు.

"కిచ్, కిచ్, కిచ్" అని తాళం వేసినట్టు తెగితెగి వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవని అనుమానించాలి. ఒక పుల్లీ కొంచెం వంగినా, పక్కకు జరిగినా బెల్టు గాడిలోకి అడ్డంగా దిగుతూ ఇలా అరుస్తుంది.

"గర్ర్" అని బొంగురుగా, లేదా ఎండిన కిర్రుమనే శబ్దంతో ఆగకుండా వస్తే బేరింగ్ మీద అనుమానం. ఈ దశలో ఉన్న బేరింగ్ చివరికి బిగుసుకుపోవచ్చు. అది ప్రమాదం.

మన బండిలో వచ్చింది కీచుకూ కిర్రుకూ మధ్య రకం. అందువల్ల శబ్దం విన్నంత మాత్రాన తేలలేదు. పరీక్షలకు దిగవలసి వచ్చింది.

గుక్కెడు నీళ్ల పరీక్ష

పరీక్షలకు మేము పెట్టుకున్న నియమం ఒకటే: ఖర్చు లేనిది ముందు, ఖర్చున్నది తరువాత.

మాకు సాయపడిన మెకానిక్ భాయ్ చాలాకాలంగా ఈ పని చేస్తున్నవాడు. సీటు ఎత్తి, ఇంజిన్ మామూలు వేగంతో తిరుగుతుండగా, స్ప్రే సీసాతో ఒక్కొక్క బెల్టు లోపలి గాళ్ల వైపు కొంచెం నీళ్లు చల్లాడు. దీని అర్థం ఇది: నీళ్లు పడగానే శబ్దం ఇంకా పెరిగితే బెల్టు బిగువు చాలడం లేదు, జారుతోంది. నీళ్లు పడగానే ఆగి, తడి ఆరగానే మళ్లీ మొదలైతే పుల్లీలు వరుస తప్పాయి. ఏ తేడా లేకుంటే శబ్దం బెల్టు ముఖం మీద పుట్టడం లేదు. మరో చోట వెతకాలి.

రెండు బెల్టుల మీదా చల్లితే మన బండి శబ్దంలో ఏ మార్పూ రాలేదు. అంటే గ్యారేజీవారు మార్చమన్న రెండు బెల్టులూ ఈ లెక్కలోంచి తప్పుకున్నాయి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, నడుస్తున్న ఇంజిన్ దగ్గర దుపట్టా, వదులు చొక్కా చేతులు, మెడలో వేలాడే గొలుసు ఉండకూడదు. మీకు అలవాటు లేకుంటే ఈ పరీక్ష మెకానిక్ చేత చేయించి పక్కన నిలబడి చూడండి. రెండోది, మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, అది ప్రాణాలు తీస్తుంది. మూడోది, శబ్దం ఆపడానికి బెల్టు మీద సబ్బు, గ్రీజు, నూనె లేదా దుకాణాల్లో దొరికే జిగురు స్ప్రేలు కొట్టకూడదు. నాలుగు రోజులు శబ్దం పోయినట్టుంటుంది కానీ జబ్బు లోపలే ఉంటుంది. నూనె తగిలిన రబ్బరు ఇంకా త్వరగా పాడవుతుంది.

స్క్రూడ్రైవరే స్టెతస్కోపు

1816లో పారిస్‌లో రెనె లాయెనెక్ అనే వైద్యుడు రోగి గుండె చప్పుడు వినడానికి కాగితాన్ని గొట్టంలా చుట్టి చెవికి పెట్టుకున్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మెకానిక్‌లు అదే పనికి పొడవాటి స్క్రూడ్రైవర్ వాడతారు. మొనను శబ్దం వస్తుందనుకున్న భాగం మీద, పిడిని చెవి పక్క ఎముకకు ఆనిస్తారు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, గాలిలో నలుదిక్కులా చెదిరిపోయే శబ్దం ఉక్కు కడ్డీ వెంట నేరుగా చెవికి చేరుతుంది. ఏ భాగం మీద పెడితే ఆ భాగం గొంతు వినిపిస్తుంది.

మొనను తిరిగే పుల్లీ మీద ఎన్నడూ పెట్టరాదు. కదలని బాడీ మీద, బోల్టు తల మీద మాత్రమే పెట్టాలి. మెకానిక్ భాయ్ డైనమో బాడీ మీద పెట్టి విన్నాడు. సన్నని గుంయ్ శబ్దం తప్ప ఏమీ లేదు. నీళ్ల పంపు బోల్టు మీద పెట్టాడు. అక్కడా ఏమీ లేదు. ఏసీ బెల్టు వైపు బ్రాకెట్ మీద పెట్టగానే తల వెనక్కి తీసుకున్నాడు. మమ్మల్ని కూడా వినమన్నాడు. చెవిలో ఇసుక రుబ్బినట్టుంది.

అయినా అంతటితో తీర్పు చెప్పలేదు. కంపనం బ్రాకెట్ వెంట పాకుతుంది కాబట్టి పక్కింటి గోల కూడా ఇక్కడ వినిపించవచ్చు. నిర్ధారణకు ఇంకో మెట్టు మిగిలింది.

బెల్టు తీసి చూడటం

మన బండికి రెండు వేరు వేరు బెల్టులు ఉండడం ఇక్కడ కలిసివచ్చింది. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, ఏసీ బెల్టు ఒక్కదాన్ని వదులు చేసి తీశారు. ఏసీ గ్యాసు పైపులు విప్పనక్కరలేదు. తరువాత ఇంజిన్ స్టార్ట్ చేశారు. నీళ్ల పంపు, డైనమో తిప్పే బెల్టు దాని చోటే ఉంది కనుక ఇంజిన్‌కు ప్రమాదం లేదు.

శబ్దం లేదు.

మెకానిక్ భాయ్ అన్న మాట ఇది: "చూడండి సార్, డైనమో తిరుగుతనే ఉంది, కూత మాత్రం బంద్ అయింది. ఇంక డైనమోకు ఏం సంబంధం?" మేము ఎనిమిది రోజులు పుస్తకం నింపించింది, నీళ్లు చల్లించింది ఈ ఒక్క వాక్యం కోసమే. వేల రూపాయలు పెట్టి కొత్త డైనమో వేయించి ఉంటే శబ్దం అలాగే ఉండేది.

ఒకే పొడవాటి బెల్టు అన్నిటినీ తిప్పే కార్లలో కూడా ఈ పరీక్ష చేయవచ్చు. కానీ చాలా బండ్లలో నీళ్ల పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంటుంది. అప్పుడు చల్లని ఇంజిన్‌ను కొద్ది సెకన్లు మాత్రమే నడిపి ఆపేయాలి.

బెల్టు తీసిన తరువాత దాని దారిలో మిగిలినవి రెండే: కంప్రెసర్ పుల్లీ, బెల్టును బిగువుగా ఉంచే చిన్న టెన్షన్ పుల్లీ. ఇంజిన్ ఆపి రెంటినీ చేతితో తిప్పి చూశారు. కంప్రెసర్ పుల్లీ మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగింది. టెన్షన్ పుల్లీ గరగరమంటూ తిరిగింది. పట్టుకుని అటూ ఇటూ ఊపితే కొంచెం కదిలింది. మంచి బేరింగ్ అలా కదలదు. ఏసీ ఆపినా శబ్దం ఎందుకు ఆగలేదో కూడా అర్థమైంది. ఏసీ ఆపితే కంప్రెసర్ లోపలి భాగం ఆగుతుంది కానీ బెల్టు, టెన్షన్ పుల్లీ తిరుగుతూనే ఉంటాయి.

చిన్న బేరింగ్, దాని నంబరు

బండిని అరిపించింది ఆ పుల్లీ మధ్యలో ఉన్న, అరచేతిలో ఇమిడిపోయే బేరింగ్. విప్పి చూస్తే సీలు పక్కన తుప్పు, లోపల గ్రీజు స్థానంలో గోధుమరంగు బురద. ఉదయం పూట ఎక్కువగా కూసి తరువాత తగ్గడానికి కారణం ఇదే. మిగిలిన కొంచెం గ్రీజు వేడికి పలచబడి కాసేపు అన్ని బంతులకూ అందేది.

బేరింగ్ కొనేటప్పుడు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. దాని అంచు మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఉదాహరణకు 6204 అని ఉంటే చివరి రెండు అంకెలను 5తో హెచ్చిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది, అంటే 20 మిల్లీమీటర్లు. ఈ లెక్క 04 నుంచి పైకి పనిచేస్తుంది. 03 అయితే 17, 02 అయితే 15, 01 అయితే 12, 00 అయితే 10 మిల్లీమీటర్లు. నంబరు తరువాత జెడ్‌జెడ్ అని ఉంటే రెండు పక్కలా రేకు మూతలు. 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీళ్లు. నీళ్లు, దుమ్ము తగిలే చోట రబ్బరు సీళ్లవే మేలు. పాత బేరింగ్‌ను చేతిలో పట్టుకుని పుత్లిబౌలి స్పేర్ పార్టుల దుకాణాలకు వెళ్లి, నంబరు చూపించి, పేరున్న కంపెనీదే బిల్లుతో తీసుకున్నాం. బేరింగ్ మారిన తరువాత పుల్లీల వరుస సరిచూసి, అదే బెల్టును సరైన బిగువుతో ఎక్కించారు. శబ్దం పోయింది, అల్‌హందులిల్లాహ్.

బెల్టును ఎందుకు మార్చలేదని అడిగారు కొందరు. పగుళ్లు లేవని మాత్రమే చూసి వదలలేదు. ఇప్పటి బెల్టులు ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తున్నారు. పాత రకం రబ్బరు ముసలిదైతే పగిలేది. ఇది పగలకుండా టైరులా అరుగుతుంది. కాబట్టి పగుళ్లు లేకున్నా గాళ్ల లోతు చూడాలి. మన బెల్టు గాళ్లు ఇంకా సరిగా ఉన్నాయి. వచ్చే సర్వీసులో మళ్లీ చూడాలని పుస్తకంలో రాసుకున్నాం.

మన వీధుల్లోనే ఎందుకు?

బేరింగ్‌లో తుప్పు ఎలా వచ్చిందన్నది ముఖ్యం. హుస్సేన్ సాగర్ మిగులు నీళ్లను మూసీ వైపు తీసుకుపోయే నాలా అశోక్‌నగర్ పక్కగానే పోతుంది. పెద్ద వాన పడితే చుట్టుపక్కల గల్లీల్లో నీళ్లు నిలుస్తాయి. రోగి ఇల్లు ఆ గల్లీలో ఉంటే మన బండి ఆ నీళ్లలోకి వెళ్లక తప్పదు. 2020 ఫిబ్రవరిలో చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా మెట్రో వచ్చింది. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వరకు ఉక్కు వంతెన తెరిచారు. దూరం పోయేవారికి సుఖమే. కానీ నడవలేని రోగిని గుమ్మం దగ్గర ఎక్కించుకోవలసిన మన బండికి వంతెన కింది వీధులే గతి.

నీళ్లలోంచి పోయినప్పుడు తిరిగే పుల్లీ మీద బురదనీరు చిమ్ముతుంది. వేడిగా ఉన్న బేరింగ్ ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని సీలు అంచుల నుంచి తడిని లోపలికి లాగుతుంది. గ్రీజు పాడవుతుంది, తుప్పు మొదలవుతుంది. శబ్దం నెలల తరువాత బయటపడుతుంది. పైగా ఆర్టీసీ క్రాస్ రోడ్స్, నారాయణగూడ సిగ్నళ్ల దగ్గర బండి కదలకుండా ఇంజిన్ నడిచే సమయం ఎక్కువ. మీటరులో కిలోమీటర్లు తక్కువగా కనిపిస్తాయి, బేరింగ్ తిరిగిన చుట్లు మాత్రం చాలా ఎక్కువ. కాబట్టి మన ప్రాంతపు బండ్లను కిలోమీటర్లతో మాత్రమే లెక్కపెట్టకూడదు, నెలలతో కూడా లెక్కపెట్టాలి.

ఈ ఖర్చు ఏ ఖాతాలోది?

బేరింగ్‌కు, కూలికి అయిన మొత్తం ఈ సంచికలోని జమాఖర్చుల పట్టికలో వాహనం పద్దు కింద ఉంది. దీన్ని జకాత్ సొమ్ము నుంచి తీయలేదని స్పష్టం చేస్తున్నాం. దివ్య ఖుర్ఆన్ సూరె తౌబా 60వ ఆయతులో జకాత్‌కు 8 వర్గాలను పేర్కొనడం జరిగింది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ అర్హుడైన పేదవాని చేతికి చేరి అతని సొంతం కావాలి. బండి మరమ్మతు అందులోకి రాదు. కనుక వాహనం ఖర్చులన్నీ సదఖా, సాధారణ విరాళాల ఖాతా నుంచే చేస్తున్నాం.

ఈ సందర్భంలో ఒక మాట మనవి చేస్తాం. బండి కొంటామంటే దాతలు ముందుకొస్తారు. బండి మీద పేరు రాయిస్తాం, ఫొటో తీస్తాం. టెన్షన్ పుల్లీ బేరింగ్ మీద ఎవరి పేరూ రాయలేం. అది ఎవరికీ కనిపించదు. కానీ అది తిరిగినంతకాలమే బండి తిరుగుతుంది. బండి నడిచినంతకాలమే అది సదఖయే జారియా అవుతుంది. కొత్త బండికి చందా వేసి ఉంటే ఈ సంవత్సరం పిల్లల ఫీజులకు, పుస్తకాలకు కేటాయించిన సొమ్ము మీద ఆ భారం పడేది. అలా జరగలేదు. ఇక నుంచి వాహన నిర్వహణకు ప్రత్యేకంగా కొంత సొమ్ము ఇచ్చే దాతలుంటే ఆ పద్దు వేరుగా చూపిస్తాం.

మీ బండి కీచుమంటే

చివరిగా, మీ ఇంటి బండికి పనికివచ్చే మాటలు కొన్ని:

శబ్దం వినగానే గ్యారేజీకి పరుగెత్తకుండా రెండు మూడు రోజులు ఎప్పుడు వస్తుందో రాసుకోండి. అయితే ఉష్ణోగ్రత ముల్లు పైకెక్కినా, బ్యాటరీ దీపం వెలిగినా, కాలిన రబ్బరు వాసన వచ్చినా ఆగకండి. బండిని పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవకండి.

ఏ భాగం మార్చాలన్నా "అదే పాడైందని ఏ పరీక్షతో తేలింది?" అని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్ ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు, చూపిస్తాడు. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి. మన పాత బేరింగ్ సంఘం ఆఫీసు బీరువాలో ఉంది. ఎవరైనా వచ్చి చేత్తో తిప్పి చూడవచ్చు.

నీళ్లలోంచి పోవలసి వస్తే నెమ్మదిగా పోండి. ఆ తరువాత వచ్చే సర్వీసులో బెల్టులు, పుల్లీలు చేతితో తిప్పి చూడమని చెప్పండి. ఆ పనికి కొన్ని నిమిషాలు చాలు.

ప్రస్తుతం మన వాహనం చప్పుడు లేకుండా తిరుగుతోంది. డ్రైవర్ భాయ్ దగ్గర నోటు పుస్తకం ఇంకా ఉంది. ప్రతి నెల మొదటి జుమా రోజున అందులో బెల్టులు, పుల్లీలు, కూలెంట్, టైర్ల వివరాలు రాసి కమిటీకి చూపించాలన్నది ఇప్పుడు మన నియమం. మీరిచ్చిన ప్రతి రూపాయిని అల్లాహ్ స్వీకరించుగాక, ఆ బండిలో ప్రయాణించే రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.